నిరుడు ఎంత?
(ఛత్తీస్‌గఢ్‌లో భిలాయ్ దగ్గరి ఉతైలో చేసిన స్నాతకోత్సవ ప్రసంగ పాఠం)

ఒక ప్రాంతం వాళ్లు తమ దగ్గర జరిగే అమ్మకాల మీద తామే ఓటు వేసి అదనపు పన్ను పెట్టుకుంటారు. ఆ డబ్బు రోడ్లకో బస్సులకో అని ముందే రాసుకుంటారు. రాసుకున్నట్టే ఖర్చయిందో లేదో చూడమని తమలోంచి కొందరిని కూర్చోబెడతారు. స్థానిక అమ్మకం పన్నుకు కాపలా ఉండే పౌర కమిటీ అంటే ఇంతే. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి నడుస్తోంది. భారతదేశంలో అచ్చంగా ఇలాంటిది లేకపోయినా దీనికి దగ్గర చుట్టాలు ఉన్నాయి.

 

తేడా ఎక్కడుందో రెండు బిల్లులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఫ్రీమాంట్ నగరం కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో ఉంది. అక్కడి దుకాణంలో బియ్యానికీ, కందిపప్పుకీ, చింతపండుకీ అమ్మకం పన్ను లేదు. ప్రెషర్ కుక్కరుకు ఉంది. 100 డాలర్ల కుక్కరు కొంటే, 2022 ఏప్రిల్ నుంచి అందులో ఒక డాలరు ఆ కౌంటీ రవాణా పనులకే పోతోంది. ఏ పనులకన్నది ఓటర్లు ఆమోదించిన ఖర్చు ప్రణాళికలో అచ్చయి ఉంది. అదే కుక్కరు ఉతై బజారులో కొంటే బిల్లు కింద రెండు వరసలు కనిపిస్తాయి: సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. ఉతై పేరుతో మూడో వరస ఉండదు.

ఫ్రీమాంట్ బిల్లులోని ఆ ఒక్క డాలరుకు పెద్ద కథే ఉంది. 1986లో అలమీడా ఓటర్లు రవాణా కోసం అర శాతం అమ్మకం పన్నుకు ఒప్పుకున్నారు. 2000లో దాన్ని పొడిగించారు. 2012లో దాన్ని ఒక శాతానికి పెంచి, గడువు లేకుండా శాశ్వతం చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. అక్కడ ప్రభుత్వ సంస్థలు ఒక నిర్దిష్ట పనికోసం ప్రత్యేక పన్ను అడిగితే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 1978 నాటి 13వ ప్రతిపాదన, 1996 నాటి 218వ ప్రతిపాదన పెట్టిన కట్టడి అది. అంటే 66.67 శాతం కావాలి. వచ్చింది 66.53. వెంట్రుకవాసిలో పోయింది. రెండేళ్ల తర్వాత, 2014 నవంబరులో, అదే పన్ను 2045లో ముగుస్తుందన్న గడువుతో, మెజర్ బీబీ అన్న పేరుతో మళ్లీ ఓటుకు వచ్చి 70 శాతానికి పైగా ఓట్లతో గెలిచింది. పన్ను అడిగేవాడు జనం దగ్గరికి చేతులు కట్టుకుని రెండోసారి రావలసి వచ్చినప్పుడు, గడువూ, కాపలా కమిటీ కూడా బతిమాలడంలో భాగమవుతాయి. ఇలాంటి కమిటీలు పుట్టింది దొరల దయతో కాదన్న సంగతి ఇందులోనే ఉంది.

అలమీడా కమిటీలో 17 స్థానాలు. కౌంటీ బోర్డులోని ఐదుగురు సూపర్‌వైజర్లు తలా ఒకరిని పెడతారు. నగరాల మేయర్లు కలిసి ఐదుగురిని పెడతారు. మిగతా ఏడు స్థానాలూ సంఘాలవి. పన్ను కట్టేవాళ్ల సంఘం, కార్మిక మండలి, సియెర్రా క్లబ్, సైకిలు తొక్కేవాళ్ల సంఘం, మహిళా ఓటర్ల లీగ్ వంటివి తమ మనిషిని పంపుతాయి. పన్ను వద్దనేవాడూ, రోడ్డు కావాలనేవాడూ, రోడ్డు వెడల్పు చేస్తే చెట్లు పోతాయనేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఎన్నికైన నాయకులు ఇందులో ఉండకూడదు. ఆ డబ్బు తీసుకునే సంస్థల ఉద్యోగులూ ఉండకూడదు. వంటవాడే రుచి చూసి బాగుందనడం కుదరదని దీని సారాంశం.

డబ్బు నడిచే దారి ఇది. దుకాణదారు కట్టిన పన్ను ముందు రాష్ట్ర పన్నుల శాఖకు చేరుతుంది. ఆ శాఖ కౌంటీ వాటాను రవాణా కమిషన్‌కు పంపుతుంది. కమిషన్ కొంత పెద్ద పనులకు ఉంచుకుని, మిగతాది నగరాలకూ బస్సులు నడిపే సంస్థలకూ పంచుతుంది. తీసుకున్న ప్రతి నగరమూ ఏటా ఆడిట్ అయిన లెక్కలూ, ఏం చేశామన్న నివేదికా ఇవ్వాలి. కమిటీ చదివేది ఈ కాగితాల్నే. ఆడిటరును నేరుగా పిలిచి మాట్లాడవచ్చు, బహిరంగ విచారణ జరపవచ్చు, ఏటా జనానికి నేరుగా నివేదిక ఇవ్వాలి. ఫలానా రోడ్డు వేయమని, ఫలానా బిల్లు ఆపమని ఆజ్ఞాపించే అధికారం మాత్రం లేదు. చేతిలో కర్ర లేని కాపలాదారు అన్నమాట. కేక మాత్రం వేయగలడు.

ఈ ఏర్పాటుకు ఒక బలహీనమైన చోటు ఉంది, ఈ ప్రసంగమంతా దాని కోసమే. కమిటీ ముందుకు వచ్చేది కొత్త పన్ను లెక్క ఒక్కటే. పాత డబ్బు ఎటు పోయిందో ఆ కాగితాల్లో కనిపించదు. ఒక ఇంట్లో తాతగారు మనవడి స్కూలు ఫీజుకని 20 వేలు ఇచ్చారనుకుంటే, ఫీజు రసీదు చూపిస్తే ఆయన తృప్తి పడతారు. తండ్రి ఫీజుకని దాచుకున్న 20 వేలతో మోటారుసైకిలు వచ్చిన సంగతి రసీదులో ఉండదు. తాత డబ్బు కాగితం మీద ఫీజుకే వెళ్లింది, అసలు కొన్నది మాత్రం మోటారుసైకిలు.

ఇది కట్టుకథలా అనిపించేవాళ్ల కోసం ఒక చిన్న మున్సిపాలిటీ లెక్క చెప్పుకోవచ్చు. ఒక ఏడాది ఆ ఊరికి వీధి దీపాల కోసమని ప్రత్యేక నిధి వచ్చింది. లెక్కల తనిఖీకి ఒక కుర్ర ఆడిటరు వెళ్లాడు. కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా, ఎర్ర పెన్ను. టెండరు, కొటేషన్లు, ఓచర్లు, స్టాకు రిజిస్టరు అన్నీ చూశాడు. ఊరంతా నడిచి ఒక్కొక్క స్తంభం లెక్కపెట్టాడు. ఒక్క బల్బు కూడా తక్కువ లేదు. అభ్యంతరాలు లేవని రాసి సంతకం పెట్టబోతుంటే, టీ తెచ్చిన ముసలి అటెండరు గ్లాసు బల్ల మీద పెట్టి అడిగాడు: "నిరుడు మాత్రం దీపాలు ఎలగనేదేటి బాబూ? మరా డబ్బులేటైనాయి?"

కుర్రాడు నిరుటి లెడ్జరు తెప్పించాడు. నిరుడు వీధి దీపాలకు సొంత నిధుల్లోంచి డబ్బు కేటాయించారు. ఈ ఏడు ఆ పద్దులో సున్నా. బయటి నుంచి డబ్బు వచ్చింది కదా అని సొంత డబ్బు మెల్లగా వెనక్కి తీసుకున్నారు. అది అతిథి గృహం ప్రహరీగోడకూ, కిటికీల కర్టెన్లకూ వెళ్లింది. ప్రతి కాగితమూ సక్రమమే. దొంగతనం ఎక్కడా లేదు. ఊళ్లో ఒక్క దీపం కూడా పెరగలేదు. కర్టెన్లు మాత్రం నిజంగా బాగున్నాయి. ఆ కుర్ర ఆడిటరే ఇవాళ జుట్టు నెరిసి ఈ వేదిక మీద నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకున్న మిగతా శాస్త్రమంతా ఒక ఎత్తు, ఆ అటెండరు ప్రశ్న ఒక ఎత్తు.

చట్టాలు రాసినవాళ్లకు ఈ కిటుకు తెలియక కాదు. కౌంటీ రవాణా పన్నుల గురించి కాలిఫోర్నియా చట్టం, ఈ డబ్బు అప్పటిదాకా ఉన్న స్థానిక నిధులకు తోడుగా ఉండాలనీ, వాటి స్థానంలోకి రాకూడదనీ తన ఉద్దేశాన్ని చెప్పింది. ఉద్దేశం చెప్పడం తేలికే. దాన్ని కనిపెట్టాలంటే పాత సంవత్సరాల లెక్కలు పక్కన పెట్టుకు కూర్చోవాలి. కమిటీలు జారిపోయేది అక్కడే.

ఇక ఇంటి సంగతి. ఈ ప్రాంతంలోనూ ఒకప్పుడు ఊళ్లోకి వచ్చే సరుకు మీద ఊరి పన్ను ఉండేది, దాని పేరు చుంగీ. ఊరి పొలిమేరలో నాకా దగ్గర బండి ఆపి, సరుకు చూసి, పన్ను వసూలు చేసేవారు. నాడు ఈ ప్రాంతం ఉన్న మధ్యప్రదేశ్ 1976లో చుంగీ ఎత్తేసి, దాని బదులు రాష్ట్రమే వసూలు చేసే ప్రవేశ పన్ను తెచ్చింది. 2000లో ఛత్తీస్‌గఢ్ విడిపోయినప్పుడు ఆ చట్టం కూడా వెంట వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి దాన్నీ మింగేసింది. నాకాలు పోయి దాదాపు యాభై ఏళ్లయినా, రాష్ట్రం పట్టణాలకు ఇచ్చే ఒక పద్దు పేరు నేటికీ "చుంగీ క్షతిపూర్తి". పన్ను చచ్చిపోయి, పరిహారం పేరులో బతికి ఉంది. తన వసూలు తన చేతిలో ఉన్న ఊరు, పైనుంచి వచ్చే వాటా కోసం ఎదురుచూసే ఊరయింది. డబ్బు ఇచ్చేవాడు ఎదురుగా కనిపించినప్పుడు లెక్క అడగాలనిపిస్తుంది. రాజధాని రాయపూర్ మీదుగా తిరిగొచ్చిన డబ్బు తనదేనని జనానికి గుర్తుండదు.

భిలాయ్‌కి దగ్గరలో, ఒక పనికని కట్టిపెట్టిన స్థానిక డబ్బు ఏదైనా ఉందంటే అది జిల్లా ఖనిజ నిధి. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం ఇచ్చే దల్లీ రాజహరా గనులు 2012 దాకా దుర్గ్ జిల్లాలోనే ఉండేవి, ఇప్పుడు బాలోద్ జిల్లాలో ఉన్నాయి. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం, గని నడిపేవాళ్లు రాయల్టీకి అదనంగా ఈ నిధికి కట్టాలి. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన లీజులకు 10 శాతం. అందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటి ముఖ్యావసరాలకు వాడాలని 2015 నాటి కేంద్ర పథకం చెప్పింది. గని దుమ్ము పీల్చే ఊరికి దక్కాల్సిన డబ్బు ఇది. అటెండరు ప్రశ్న ఇక్కడ కూడా సరిగ్గా అతుకుతుంది. ఖనిజ నిధితో బడికి కప్పు వేస్తే, అదే కప్పుకు విద్యాశాఖ నిరుడు రాసుకున్న డబ్బు ఏమైంది?

అడగాల్సిన కమిటీలు మన రాజ్యాంగంలోనే ఉన్నాయి. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలంది. జనాభా అంతకు మించిన భిలాయ్‌కి ఆ నియమం వర్తిస్తుంది. నగర పంచాయతీ అయిన ఉతైకి అంత జనాభా లేదు కాబట్టి రాజ్యాంగం బలవంతం చేయదు. అయితే వద్దని కూడా అనలేదు. తెలంగాణ 2019 చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. ఒక్కో కమిటీకి 15 మంది, అందులో సగం మంది మహిళలు. కాగితం మీద ఇది అలమీడా కంటే పెద్ద బలగం.

బలగం ఒక్కటే చాలదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించమంది. చాలా రాష్ట్రాల్లో అది ఒక పూట మీటింగుగా మిగిలింది. ఆంధ్రప్రదేశ్ దానికోసం 2009లో పనులు చేయించే యంత్రాంగంతో సంబంధం లేని ఒక ప్రత్యేక సొసైటీనే పెట్టింది. శిక్షణ పొందిన కుర్రాళ్లు ఊరికి వెళ్లి, మస్టరులో పేరున్న ప్రతి ఇంటి తలుపూ తట్టి, పని చేశావా, ఎన్ని రోజులు, డబ్బు ఎంత అందిందని అడిగారు. ఊరు వదిలి వలసపోయినవాళ్లూ, చనిపోయినవాళ్లూ మట్టి తవ్వినట్టు మస్టర్లలో దొరికారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుట అందరికీ వినపడేలా చదివారు. రాజస్థాన్‌లో 1994 నుంచి మజ్దూర్ కిసాన్ శక్తి సంగఠన్ నడిపిన జన్ సున్వాయీల, అంటే బహిరంగ విచారణల, దారి అది.

ఈ రెండు ఖండాల అనుభవం కలిపితే, కమిటీ పనిచేయడానికి కావలసినవి మూడు. సభ్యుడికి ఆ డబ్బుతో లాభం ఉండకూడదు. కాగితాలు ముందుగా అందాలి, వాటిని చదవగలిగే మనిషి ఉండాలి. కనిపెట్టింది జనం చెవిన పడాలి. మొదటిదానికీ మూడోదానికీ చట్టం రాయవచ్చు. రెండోదానికి చదువుకున్నవాళ్లు కావాలి, వాళ్లేమో రారు. మీటింగుకు వచ్చేవాళ్లు టీ, బిస్కట్ అయ్యాక రిజిస్టరులో సంతకం పెట్టి, తీర్మానం ఏమిటని బయటికి వచ్చాక అడుగుతారు. ఈ హాలులో కూర్చున్నవారిలో తమ వార్డు నంబరు తడుముకోకుండా చెప్పగలిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు మిగిలిపోవచ్చు. ఐపీఎల్ వేలంలో ఎవరిని ఎన్ని కోట్లకు కొన్నారో మాత్రం అందరికీ నోటికి వచ్చు. శ్రీకాకుళం నుంచి ఒక రేకు పెట్టెతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి వచ్చి కొలిమి వేడిలో పనిచేసిన తాతలు, నెల జీతం కవరు ఇంటికి తెచ్చి భార్య ముందు పైసాతో సహా లెక్క చెప్పేవారు. వాళ్ల మనవలు కామర్స్ పట్టా పుచ్చుకుని, ఊరి బడ్జెట్ కాగితం చూడగానే కళ్లు తిరుగుతున్నాయనడం ఏ లెక్కన సమంజసమో తెలియదు.

ఆ కాగితం సంపాదించడం కష్టమేమీ కాదు. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఆ బడ్జెట్ పట్టికలో వరుసగా గడులు ఉంటాయి. కుడివైపు చివర రాబోయే ఏడాది అంచనా ఉంటుంది, ఉపన్యాసాలూ పేపర్లలో వార్తలూ దాని గురించే. దానికి ముందు సవరించిన అంచనా. అన్నిటికన్నా ఎడమవైపు, పద్దు పేరు పక్కనే, గడిచిన ఏడాది నిజంగా ఖర్చయిన మొత్తం. ఆ అటెండరు అడిగిన దానికి జవాబు ఆ గడిలో ఏటా అచ్చవుతూనే ఉంది.