తలుపు తట్టే చట్టం



ఈ ద్వీపాలలో ‘పరారీ’ అన్న మాటకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. 1858 మార్చి 10వ తేదీన డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్ రెండువందలమంది ఖైదీలతో ఇక్కడ దిగినాడు. కొద్ది రోజులలోనే పలువురు అడవులలోకి పారిపోయినారు. తిరిగి చిక్కినవారిలో ఎనభైమందికి పైగా ఉరికంబమెక్కినారు.

మన తెలుగు మన్యం అనుభవమూ వేరు కాదు. 1922-24 నడుమ అల్లూరి సీతారామరాజు కోసం సాగిన గాలింపులో పల్లెలకు పల్లెలే అనుమానానికి గురి అయినాయి. ఆ పితూరీలో పట్టుబడిన గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. ఒకనాడు వేటాడబడినవాడే మరొకనాడు శాసనకర్తల నడుమ కూర్చున్నాడు.

అంతమాత్రాన నేరస్థుని వెదకరాదని నా భావం కాదు. హత్య చేసినవాడు దాగియుంటే, హతుని కుటుంబానికి న్యాయం చేయవలసిన బాధ్యత రాజ్యానిదే. అందుకే 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 44వ సెక్షన్ పోలీసులకు అధికారమిచ్చింది. అరెస్టు చేయవలసిన వ్యక్తి ఒక ఇంట ఉన్నాడని నమ్మడానికి కారణముంటే, ఇంటివారు దారి ఇవ్వవలసినదే. కాని తలుపు పగులగొట్టవలసివస్తే, ముందుగా తామెవరో, ఎందుకు వచ్చినారో తెలుపవలె. ఆచారరీత్యా బయటకు రాని స్త్రీ ఉన్న గదిలోనికి పోవలసివస్తే, ఆమె వెలుపలికి వెళ్లడానికి అవకాశమీయవలె. మనిషిని వెదకడం వేరు, పెట్టెలు, ఉత్తరాలు తిరగవేయడం వేరు. వస్తువుల సోదాకు స్వతంత్రులైన సాక్షులు, దృశ్య శ్రవణ నమోదు వంటి ప్రత్యేక నియమాలున్నాయి.

ఈ సరిహద్దు ఒక్కనాడు ఏర్పడినది కాదు. ఖరక్‌సింగ్ వ్యాజ్యంలో 1962లో సుప్రీంకోర్టు, నిఘా పేరిట రాత్రివేళ ఇండ్లకు పోయే పోలీసు నిబంధనను కొట్టివేసింది. అయినా గోప్యతను ప్రాథమిక హక్కుగా అంగీకరించలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అంగీకరించినారు. ఆ హక్కు నిరపేక్షం కాదు. దానిలో జోక్యానికి చట్టం ఆధారం కావలె, ఉద్దేశం న్యాయమైనది కావలె, చర్య అవసరానికి మించరాదు.

ఈ మాట మనకెందుకు ముఖ్యం? బెంగాలీ, తమిళ, హిందీ, మలయాళ, నికోబారీ భాషీయులు కలసి బ్రతికే ఈ ద్వీపాలలో, 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు సుమారు పదమూడు శాతం. ప్రధాన భూభాగం నుండి ఒకడు పారిపోయి వచ్చినాడనుకొందాం. వాడి భాష మాట్లాడే ప్రతి గుడిసెనూ సోదా చేస్తే, వాడు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఇరుగుపొరుగుల నమ్మకం మాత్రం తప్పక పోతుంది. మరునాడు ఆ వాడవారు పోలీసులకు ఏ కబురూ చెప్పరు. ఒక మనిషి కోసం సాగే వెదకులాట ఒక భాషపై, ఒక వాడపై సాగే వెదకులాట కారాదు.

కావున మిత్రులారా, చట్టబద్ధంగా వచ్చిన అధికారికి తలుపు తీయండి, వచ్చిన కారణం అడగండి. నేరస్థునికి ఆశ్రయమీయకండి. అన్యాయం జరిగితే కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి ఈ శ్రీవిజయపురంలోనే ఉన్నది. 1858లో ఈ తీరాన నియమం లేక బలమొక్కటే ఉండెను. నేడు నియమమున్నది. దానిని నిలుపుకొనుట తలుపు తట్టేవారికీ, తీసేవారికీ సమానమైన ధర్మం.

జైహింద్.