జాజ్ గిటారులో వేగము, భావము

గిటారు తీగను మీటిన మరుక్షణమే దాని నాదము క్షీణింప మొదలిడును. వాయులీనమునకు కమాను వలె, నాగస్వరమునకు ఊపిరి వలె ఆ నాదమును నిలుపు సాధనము దానికి లేదు. మన వీణకును ఇదే చిక్కు. కాని తీగను మెట్టుమీద ప్రక్కకు లాగి, మిగిలిన నాదముతోనే గమకము పలికించుట వైణికులకు పరంపరగా వచ్చిన విద్య. జాజ్ మేళములోనో, గిటారు వాద్యకుని ప్రక్కనే శాక్సఫోనులు, ట్రంపెట్లు మ్రోగుచుండును. ఆరిపోవు స్వరము వెంట ఇంకొకటి, దాని వెంట మరొకటి వేయవలెనను తొందర అతనికి కలుగుట సహజము. కనుక వేగముగా వాయించువానికి హృదయము లేదని ఒక్కమాటతో తీర్పు చెప్పువారితో మేము ఏకీభవింపజాలము.

చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందమున చేరి, విద్యుత్తుతో ధ్వని పెంచిన గిటారుపై శాక్సఫోను పోకడలను పలికించెను. 1942లో, 25 ఏండ్లకే, క్షయకు బలియయ్యెను. తరువాత వచ్చిన బీబాప్ శైలి నడకను మరింత త్వరితము చేసెను. టాల్ ఫార్లో అను వాద్యకుడు రెడ్ నార్వో త్రయములో చేరినపుడు, తక్కినవారిని అందుకొనుటకే వేగమును సాధింపవలసివచ్చెను. కొలువు నిలుపుకొనుటకు నేర్చిన ఆ వేగమును తప్పుపట్టు టెట్లు?

జాంగో రైన్‌హార్ట్ కథ వేరు. 1928లో ఆయన కాపురముండిన బండి అగ్నికి ఆహుతియై, ఎడమచేతి ఉంగరపు వ్రేలును, చిటికెన వ్రేలును చెడిపోయెను. మిగిలిన రెండు వ్రేళ్ళతోనే రాగాలాపన సాగించి, 1934లో పారిస్‌లో వెలసిన హాట్ క్లబ్ పంచకమునకు ఆయన ప్రాణమయ్యెను. ఆ రెండు వ్రేళ్ళ వేగము నేటికిని విస్మయము గొల్పును. ఐనను పారిస్ జర్మనుల ఆక్రమణలో నుండగా 1940లో ఆయన రికార్డు చేసిన 'న్యువాజ్', అనగా 'మబ్బులు', నిదానమైన రచన. పరుగులెత్తగల చేయి పరుగెత్తక ఆగినచోట వినవచ్చు బరువు, పరుగెత్తలేని చేతికి అలవడునా యని మాకు సందేహము.

శ్రోతలారా, రేడియోలో వ్రేళ్ళు కనబడవు. 1980 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ మెక్లాగ్లిన్, అల్ డిమియోలా, పాకో డి లుసియా మువ్వురును కలసి చేసిన కచేరి రికార్డులో, చురుకైన పరుగులకు జనము వేయు కేకలు వినవచ్చును. సభలో నుండిన మేమును కేకలు వేసెడివారమేమో! ఇంట కూర్చుండి మూడవమారు వినునపుడు మాత్రము చెవి విశ్రాంతి కోరును. ఆ మెక్లాగ్లినే 1970వ దశకమున వీణ నభ్యసించి, 'శక్తి' బృందములో ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, వినాయకరామ్ గారలతో వాయించుటకై గిటారు మెట్ల నడుమ పలకను గుంటలుగా చెక్కించుకొనెను. తీగను లోనికి నొక్కి, లాగి, గమకము తీయుటకే ఆ ఏర్పాటు.

వేగము తగ్గించి ఉద్వేగము పెంచు మార్గమును ఇండియానాపోలిస్ వాసి వెస్ మాంట్‌గమరీ చూపెను. మీటు బిళ్ళను విడిచి ఆయన బొటనవ్రేలితో మీటెడివాడు. ఆయన మనోధర్మము తరచుగా మూడంచెలు. మొదట ఒంటి స్వరముల వరుస. పిదప ఒకే స్వరమును రెండు స్థాయిలలో ఒక్కసారిగా మీటుట. చివర నాలుగైదు స్వరముల సమ్మేళనములు. అంచె మారినకొలది చేతికి భారము హెచ్చును, పరుగుకు చోటు తగ్గును. వినువారి గుండెదడ మాత్రము హెచ్చును. 1960లో వెలువడిన రికార్డులోని 'వెస్ట్ కోస్ట్ బ్లూస్' ఇందుకు చాలును.

మితభాషి యని పేరుగన్న జిమ్ హాల్ 1962లో పియానో వాద్యకుడు బిల్ ఇవాన్స్‌తో 'అండర్‌కరెంట్' అను రికార్డు చేసెను. అందు 'మై ఫన్నీ వాలెంటైన్' పాటను, అందరును మెల్లగా పాడు దానిని, వారిరువురు మిక్కిలి చురుకుగా నడిపిరి. దుందుభులు లేవు, బాసు లేదు. ఇవాన్స్ విజృంభించునపుడు హాల్ గిటారు వెనుకనుండి కేవలము లయ నందించుచు పోవును. ఆ భాగము వినునపుడు పియానోను కొంత మరచి, ఆ గిటారునే వినుడు.