అడవిపటమునకు క్రొత్త పనిముట్టు



సిగ్నలందని అడవులలో పటములు గుర్తించువారికి చిరకాలము తోడ్పడిన ఆర్క్‌ప్యాడ్ నిలిపివేయబడినది. దాని స్థానమున ఆండ్రాయిడ్ ఫోనులలో నడచు క్యూఫీల్డ్ అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. ఇంటివద్ద క్యూజీఐఎస్‌లో సిద్ధపఱచిన పటమును ఫోనునకు ఎక్కించుకొన్నచో అంతర్జాలము లేకయే పనిచేయును.

కష్టమంతయు పాత వివరములను తరలించుటలోనే యున్నది. ఆర్క్‌ప్యాడ్ వ్రాసిన షేప్‌ఫైలు పేరునకు ఒక్కటియేగాని నిజమునకు గుంపు: చుక్కలును గీతలును ‘ఎస్‌హెచ్‌పీ’ ఫైలులోను, వాని పేర్లు ‘డీబీఎఫ్’ ఫైలులోను ఉండును. మొదటిదానిని మాత్రమే నకలు తీసికొన్నవానికి చెలమ చుక్కగా మిగులును. గూడెపు పెద్ద చెప్పిన దాని పేరు పోవును. (త్రాడు తెంపి తాళపత్రములు తెచ్చుకొన్నవారిని నేనెఱుగుదును.) కావున గుంపునంతను ముందుగా జియోప్యాకేజీ అను ఒక్క ఫైలులోనికి మార్చుకొనవలెను. ఆ ప్రమాణము 2014లో వెలువడినది, ఎల్లరకును బహిరంగము.

పిదప ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో నుంచి, ఇంటిచుట్టును నడచి, పేర్లన్నియు వచ్చినవో లేవో చూచుకొనుడు. అంతవఱకు పాత పరికరమును చెఱపకుడు.