పెరడును, వంటిల్లును పాఠశాలలే

(మన సంఘ వార్షిక సభలో, ఉన్నత పాఠశాలా విద్యార్థుల తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి తండ్రిగారి ధాన్యపు దుకాణమున కూర్చున్నవాడను. కావున నా పలుకులను త్రాసు పట్టినవాని పలుకులుగనే స్వీకరింప ప్రార్థన.

నిరుడు శీతకాలమున మా అబ్బాయిని రాయగడ సంతకు వెంటగొని పోయితిని. వాడు తొమ్మిదవ తరగతి విద్యార్థి. ఒక కోంధు తల్లి ముందు రెండు గంపలుండెను. ఒకదాన సామలు, వేరొకదాన కొర్రలు. ఏవి యేవో వాడు చెప్పలేకపోయెను. ఆమె నవ్వి, వాని రెండు చేతులలో చెరియొక పిడికెడు పోసి, వాని పేర్లు చెప్పి పంపెను. మూడు తరములుగ గింజలమ్మి బ్రదుకుచున్న ఇంటి పిల్లవాడు గదా వాడు! ఆ పిమ్మట కొలది దినములకే మా ఇంటావిడ జ్వరముతో మంచము పట్టినది. నాలుగు దినములు నేనును, మా వాడును హోటలు భోజనముతో గడిపితిమి. రోగికి గంజి కాచి యిచ్చుటకు పొరుగింటి పిన్నిగారే రావలసి వచ్చినది. తప్పు వానిది కాదు. పుస్తకము దక్క మరేదియు ముట్టవలదని వానికి నేర్పినవాడను నేనే.

ఇతర దేశములలో ఈ లోపము నెట్లు సవరించుకొనిరో చూడుడు. అమెరికాలో 1902లో ఒహాయో రాష్ట్రమున ఒక పాఠశాలాధికారి గ్రామ బాలబాలికలకు మొక్కజొన్న, కూరగాయల సాగు సంఘము నొకటి నెలకొల్పెను. నేటి ఫోర్-హెచ్ సంఘములకు అదియే మూలము. 1917లో వచ్చిన చట్టము ఉన్నత పాఠశాలలలో వ్యవసాయమునకును, గృహ నిర్వహణమునకును ధనసహాయ మొసగెను. 1928లో భావి కర్షకుల సంఘము, 1945లో భావి గృహిణుల సంఘము జాతీయ సంస్థలుగ వెలసినవి. ప్రతి విద్యార్థియు ఒక మడినో, ఒక దూడనో, కొన్ని కోళ్లనో తానే పెంచి, ఖర్చును, రాబడిని పుస్తకమున వ్రాయవలెను. సభ జరుపుట, తీర్మానము ప్రతిపాదించుట, ఎదుటివాని మాట వినుట గూడ అచ్చటనే నేర్చుకొందురు. అయితే కర్షక సంఘము బాలికలకు జాతీయ సభ్యత్వ మిచ్చుటకు 1969 దాక పట్టినది. ఆ పొరపాటు మనము చేయవలదు.

మన దేశమునకును ఇది క్రొత్త కాదు. 1937లో వార్ధాలో గాంధీ మహాత్ముడు చేతిపనిద్వారా చదువు చెప్పవలెనని ప్రతిపాదించిరి. 1952-53 నాటి మాధ్యమిక విద్యా సంఘము ఉన్నత పాఠశాలలలో వ్యవసాయమును, గృహ విజ్ఞానమును ఐచ్ఛిక శాఖలుగ చేర్పుమనెను. 2020 జాతీయ విద్యా విధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి పది దినములు పుస్తకపు సంచి లేని చదువును సూచించినది. సంకల్పములకు కొరత లేదు. ఆచరించు చేతులకే కొరత.

మన మున్న చోటు ఎట్టిది? కోరాపుట్ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయమును ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వముగ గుర్తించినది. జయపురము చెంతనున్న పల్లెలో నాటు వరి విత్తనములను కాపాడిన కమలా పూజారిగారు 2019లో పద్మశ్రీ నందుకొని, 2024లో దివంగతులైరి. ఆ 2024లోనే కోరాపుట్ కాలాజీర బియ్యమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంతటి విద్య మన గడప ముందే యుండగా మన పిల్లలు దానిని సంచిలోని సరుకుగ మాత్రమే ఎరుగుదురు.

భాష మాట గూడ మనవి చేయుదును. 1936 ఏప్రిల్ 1న ఈ సీమ మదరాసు రాజధాని నుండి ఒరిస్సాలో చేరినది. నాటినుండి మన తెలుగు ఇంటి భాషగ నిలిచినది. రాజ్యాంగపు 350-ఎ అధికరణము మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే చెప్పినది. ఆ పై దశలో భారము మనదే. నారుమడి, తూర్పారబట్టుట, చేట, ఎసరు, పోపు — ఇట్టి మాటలు నిఘంటువులో బ్రదుకవు. చేయు పనితోడనే బ్రదుకును.

కావున నా ప్రతిపాదన యిది. సంఘ భవనము వెనుక దొడ్డిలో అద్దె దుకాణములు కట్టవలెనని నిరుడు ఈ సభలోనే పట్టుబట్టినవాడను నేను. ఆ మాటను నేడు వెనుకకు తీసికొనుచున్నాను. రెండు వానకాలములు ఆ నేలను ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కిత్తుము. ప్రతి శనివారము రెండు గంటలు చాలును. ఒక్కొక్కరికి ఒక మడి: చోళ్లు, గోంగూర, చిక్కుడు, ఆనప. ప్రక్కన కంపోస్టు గుంట. వంటింట చోడి అంబలి, గంజి, గుండీ కుట్టుట, విరేచనముల రోగికి ఒక లీటరు శుద్ధజలమున ఆరు సమచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి యిచ్చుట. బాలురు వండవలెను, బాలికలు గునపము పట్టవలెను. సభా వృత్తాంతము ఒక వారము తెలుగున, మరు వారము ఒరియాలో వ్రాయవలెను. ఒరియా, కోంధు మిత్రులను గూడ ఆహ్వానింపవలెను. మనకు గురువులు వారి ఇండ్లలోనే యున్నారు.

మార్కులు తగ్గునని కొందరు భయపడవచ్చును. తాను పండించిన చిక్కుడుకాయల తూకమును, ఖర్చును లెక్కవేసిన పిల్లవానికి లాభనష్టముల లెక్క వేరుగ చెప్పనక్కరలేదు. మన పిల్లలు రైతులు కావలెనా యని మరికొందరు అడుగవచ్చును. కానక్కరలేదు. రైతు ఎదుట తల వంచి బేరమాడు వర్తకులైన చాలును.

దుకాణముల అద్దె పోవును, నిజమే. విత్తనములకును, పనిముట్లకును మొదటి సంవత్సరపు ఖర్చు నేను భరింతును. రెండేండ్లలో ఫలము కానరానిచో ఇటుకలు నేనే తెప్పింతును. పెద్దలు తీర్మానింప ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.