యంత్రానికి మన మాట అర్థమవుతుందా?

(తెనాలిలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కంప్యూటరు ఎలా తయారవుతుందో చెప్పే శక్తి నాకు లేదు. మనిషికీ కంప్యూటరుకీ మధ్య సంభాషణ ఎలా జరగాలన్న విషయం మీద ఒక శాస్త్రం ఉంది. దాన్ని హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అంటారు. రిటైరైన తరువాత తీరిక దొరికి ఆ శాస్త్రం గురించి కొంత చదివాను. చదువుతున్నకొద్దీ ఇది మన పాత ఉద్యోగమే కదా అనిపించింది. అదే మీతో పంచుకుంటాను.

ఇంటర్‌ఫేస్ అనే మాట మీ మనుమలు వాడుతూ ఉంటారు. వచ్చిన మనిషికీ, లోపల ఉన్న పెద్ద యంత్రాంగానికీ మధ్య ఉండే కిటికీ అది. మనలో తపాలా వారున్నారు, బ్యాంకు వారున్నారు, రైల్వే బుకింగు వారు, ట్రెజరీ వారు ఉన్నారు. ముప్పై ఏళ్లు ఆ కిటికీలో కూర్చున్నది మనమే. లంక గ్రామం నుంచి ఒక ముసలమ్మ వచ్చి, "మా అబ్బాయికి డబ్బు పంపాలి బాబూ, హైదరాబాదులో ఉంటాడు" అంటుంది. అంతకుమించి ఆమె దగ్గర సమాచారం లేదు. "తప్పు సమాచారం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి" అని మనం కిటికీ మూసేయలేదు. "ఉత్తరమేమైనా తెచ్చావా అమ్మా?" అని అడిగాం. ఆవిడ కొంగు ముడి విప్పి మడతలు పడ్డ ఇన్లాండు కవరు ఇస్తే, వెనకవైపు చిరునామా చూసి మనీఆర్డరు ఫారం మనమే నింపాం. చదివి వినిపించి, అవునంటేనే డబ్బు తీసుకున్నాం.

తెలిసినంతలో ఊహించడం, తెలియనిది అడగడం, ఊహించినది సరేనా అని ఖాయం చేసుకోవడం, తప్పయితే దిద్దుకునే అవకాశం ఇవ్వడం. "ఇంటెలిజెంట్ యూజర్ ఇంటర్‌ఫేస్" పేరుతో పరిశోధకులు యంత్రానికి నేర్పాలని చూస్తున్నవి ఇవే. కనుక యంత్రం ఆ పని సరిగా చేస్తోందో లేదో చెప్పే అర్హత మనకు పూర్తిగా ఉంది.

ఈ శాస్త్రం కంప్యూటర్లు ఇంటింటికీ రాకముందే పుట్టింది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాల ఉండేది. అక్కడ జాన్ కార్లిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక విభాగం నడిపారు. గుండ్రంగా తిప్పే డయలు పోయి, నొక్కే అంకెలు రావలసిన సమయమది. అంకెలను ఏ వరసలో పెట్టాలి? ఇంజనీర్లు తమకు తోచినట్లు పెట్టలేదు. వలయాకారంలో, రెండు వరసల్లో, మూడు వరసల్లో, రకరకాల అమరికలు చేసి, మనుషుల చేత నొక్కించి, ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పులు వచ్చాయి అని లెక్కకట్టారు. 1963 నవంబరులో ఆ ఫోన్లు జనంలోకి వచ్చాయి. పైన 1, 2, 3 ఉన్న ఆ అమరికే ఈ రోజు మీ జేబుల్లోని ఫోన్లలోనూ ఉంది. ఇంటికి వెళ్లి క్యాలిక్యులేటరు తీసి చూడండి, అందులో 7, 8, 9 పైన ఉంటాయి. రెండూ ఒకేలా ఉంటే ఎంత బాగుండేదో! మన దగ్గర లెక్కల కౌంటర్లలో పనిచేసినవారు ఫోను మీద అంకెలు తడబడితే అది వారి లోపమనుకోకూడదు.

1954లో పాల్ ఫిట్స్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. వేలు ఒక గురిని చేరడానికి పట్టే సమయం ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత చిన్నది అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది. కాని బియ్యపుగింజంత బొత్తాన్ని తెర మూలన పెట్టి, పక్కనే "రద్దు" అనే బొత్తాన్ని పెట్టినవాడు ఆ సూత్రం చదవలేదన్నమాట. వణికే వేలిది తప్పు కాదు.

ఇక మాట విషయం. వేలితో నొక్కడం కన్నా, నోటితో చెబితే యంత్రం వింటే బాగుంటుంది కదా. ప్రపంచంలో ఈ దారి వేసిన కొద్దిమందిలో ముందు వరసలో ఉన్నది మన తెలుగువాడు. దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు, లోకానికి రాజ్ రెడ్డి. 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో పుట్టారు. వారి కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1958లో పట్టా తీసుకున్నారు. అది సివిల్ ఇంజనీరింగు! తరువాత ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి నుంచి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ చేరి 1966లో డాక్టరేటు పొందారు. 1969 నుంచి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకు మించిన పురస్కారం లేదు. ఆసియా ఖండం నుంచి దాన్ని అందుకున్న మొదటివారు ఆయన. 2001లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

ఆయన బృందం చేసిన పనిలో ఒక ముచ్చట మీకు తప్పక చెప్పాలి. 1970లలో వారు హియర్‌సే అనే పేరుతో మాటను గుర్తించే యంత్ర విధానాలు తయారు చేశారు. రెండవ హియర్‌సేలో ఒక "నల్లబల్ల" ఉంది. నిజమైన బల్ల కాదు, కంప్యూటరు జ్ఞాపకంలో ఒక భాగం, కాని పేరు అదే. ధ్వనులు తెలిసిన విభాగం ఒకటి "ఇది 'ప' కావచ్చు, 'బ' కావచ్చు" అని బల్ల మీద రాస్తుంది. పదాలు తెలిసిన విభాగం వచ్చి, "అలాగైతే ఈ రెండు పదాల్లో ఒకటి" అంటుంది. వ్యాకరణం తెలిసినది వచ్చి, "వాక్యంలో ఈ పదం ఇక్కడ ఇమడదు" అని ఒకటి కొట్టేస్తుంది. అందరూ తలా కాస్త చెప్పగా చివరికి వాక్యం తేలుతుంది.

సార్టింగు ఆఫీసులో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. కవరు మీద ఊరి పేరు వానకు తడిసి అలుక్కుపోయి, కింద 522 మిగిలి, చివర 65 కనబడుతోందనుకోండి. ఇటు తెనాలి 522201, బాపట్ల 522101, రేపల్లె 522265. ఊరి పేరులో చివర "ల్లె" లాంటిది ఆనవాలు పడితే ఇక సందేహం లేదు, కవరు రేపల్లె సంచిలో పడుతుంది. ఒక్కొక్క ఆధారమూ బలహీనమే, కలిపితే బలం. హియర్‌సే చేసినది ఇదే.

అదే విశ్వవిద్యాలయంలో 1976 నాటికి హార్పీ అనే విధానం 1011 మాటలను గుర్తించగలిగింది. 1980ల చివరలో ఆయన శిష్యుడు కైఫూ లీ చేసిన స్ఫింక్స్ మరొక మెట్టు ఎక్కింది. అంతకు ముందు చాలా విధానాలకు ఒక్కొక్కరి గొంతూ విడిగా అలవాటు చేయవలసి వచ్చేది. స్ఫింక్స్ ముందు ఎవరు మాట్లాడినా గుర్తించేది.

తెలుగుకు ఇది ఆలస్యంగా వచ్చింది. గూగుల్ వారు తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా రాసిపెట్టే సదుపాయం ఇచ్చింది 2017 ఆగస్టులో. ఆలస్యానికి వ్యాపార కారణాలు ఎలా ఉన్నా, మన భాష స్వభావం కూడా కొంత కారణమే. ఇంగ్లీషులో నాలుగు ముక్కలుగా చెప్పేదాన్ని మనం "వెళ్లాల్సొచ్చిందండీ" అని ఒక్క ఊపిరిలో ఒకే పదంగా అంటాం. ఒక్క ధాతువుకు వందల రూపాలు. అందులో బాపట్ల యాస వేరు, లంకల యాస వేరు. అయినా మీలో ఎవరైనా ఈ మధ్య ఫోనుతో తెలుగులో మాట్లాడి చూశారా? చాలావరకు రాస్తోంది. మా మనవడి పేరును మాత్రం ఇంకా మార్చేస్తూనే ఉంది.

సరే, ఇంత విజ్ఞానం ఉంది కదా, మరి మన జీవన ప్రమాణ పత్రం దగ్గర ఏమయింది?

2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైంది. వేలిముద్ర వేస్తే చాలు, బ్యాంకు చుట్టూ తిరగనక్కరలేదన్నారు. ఉద్దేశం మంచిదే. కాని వేలిముద్ర యంత్రం చదివేది చర్మం మీది గట్లను, వాటి చీలికలను. వయసు మీరేకొద్దీ చర్మం పొడిబారుతుంది, సాగుదనం పోతుంది, గట్లు అరిగిపోతాయి. ప్రత్యేకంగా ముసలివారి కోసం పెట్టిన ఏర్పాటుకు ముసలివారి దగ్గర అన్నిటికన్నా అరిగిపోయిన వస్తువునే ఆధారం చేశారు!

మా వీధిలో రిటైరైన టీచరమ్మ గారొకరు ఉన్నారు. ఒక సేవాకేంద్రానికి వెళ్లి పది వేళ్లూ మార్చి మార్చి పెట్టారు. అక్కడి కుర్రవాడు మర్యాదగానే, "మామ్మ గారూ, మీ వేళ్లు పని చేయడం లేదండీ" అన్నాడట. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు అవి. రెండు నెలలు పింఛను ఆగింది. బ్యాంకుకు స్వయంగా వెళ్లి కాగితం మీద సంతకం పెట్టాక గాని మళ్లీ జమ కాలేదు. ఆగిన పింఛను బకాయితో సహా వచ్చింది. కాని మందుల షాపులో రెండు నెలలు అప్పు పెట్టవలసి రావడం ఆవిడకు పెద్ద చిన్నతనంగా తోచింది. "నా వేళ్లే బాగాలేవండీ" అని ఇప్పటికీ అంటారు. నాకు బాధ కలిగించేది ఆ మాటే. "మా యంత్రం మీ వేళ్లను చదవలేకపోయింది" అని ఆ తెర మీద రాసి ఉంటే ఆ కుర్రవాడూ అలాగే చెప్పేవాడు, ఆవిడా అలాగే అనుకునేవారు. కార్లిన్ గారి పద్ధతిలో, ముందుగా డెబ్బై దాటిన వందమందిని కూర్చోబెట్టి వేళ్లు పెట్టించి చూసి ఉంటే ఎంతమంది దగ్గర విఫలమవుతుందో మొదటి రోజే తెలిసేది.

2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతి తెచ్చారు. ఇది నయం. ఇందులో ఫోను మనల్ని రెప్ప ఆర్పమంటుంది. ఎందుకంటే ఎవరైనా ఫోటో తెచ్చి చూపిస్తారేమోనని. ఇది విన్నప్పుడు నాకు దమయంతి గుర్తుకొచ్చింది. భారతం అరణ్యపర్వంలో కథ మీకు తెలిసినదే. స్వయంవరంలో నలుగురు దేవతలు నలుని రూపంతో కూర్చుంటే, రెప్పపాటు లేనివారు దేవతలు, రెప్ప వేస్తున్నవాడు నలుడు అని ఆమె పోల్చుకుంది. ఆ నలుగురిలో యముడు కూడా ఉన్నాడు సుమా! దమయంతి చేసిన పరీక్షే ఇప్పుడు ఫోను చేస్తోంది.

కాని ఇందులోనూ ఒక చిక్కు ఉంది. నేను చూసినంతలో, ఆ యాప్ మొదట "ఆపరేటరు" ముఖం అడుగుతుంది, తరువాత పెన్షనరు ముఖం. "మనం ఆపరేటర్లం కాదే" అని చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. మీ ఫోను మీరే వాడుకుంటే ఆపరేటరూ మీరే, పెన్షనరూ మీరే. అబ్బాయి చేసిపెడితే అతను ఆపరేటరు. ఒకే ఫోనులో ఇంటిల్లిపాది పెన్షనర్లవీ చేయవచ్చు. ఒక్క మాట సరిగా ఎన్నుకోకపోతే ఇంత గందరగోళం.

యంత్రం ఎంతవరకు తెలివిగా ఉండాలన్నదాని మీద పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. 1997లో బెన్ ష్నైడర్‌మన్, ప్యాటీ మేస్ అనే ఇద్దరు పరిశోధకుల మధ్య పెద్ద వాదం జరిగింది. మన అలవాట్లు గమనించి మన తరఫున పని చక్కబెట్టే సహాయకుడిలా యంత్రం ఉండాలని మేస్ గారు. కాదు, పనిముట్టులా మన చేతిలో ఉండాలి, ఏం జరుగుతోందో మనకు కనబడాలి అని ష్నైడర్‌మన్ గారు. నా మటుకు నాకు, పాటలు వెతకడానికైతే సహాయకుడు చాలు. డబ్బు దగ్గర మాత్రం ష్నైడర్‌మన్ గారి పక్షమే.

డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కరలేదు, పోవడానికే కొట్టాలి. కాని "డబ్బు అడుగుతున్నారు" అనే తెరా, "డబ్బు వస్తోంది" అనే తెరా తొందరలో ఒకేలా కనబడేవి. మోసగాళ్లు దాన్నే పట్టుకున్నారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో వ్యక్తులు ఒకరినొకరు అలా డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టు పద్ధతినే ఆపేశారు. జనాన్ని జాగ్రత్తగా ఉండమని ఏళ్ల తరబడి చెప్పడం కన్నా ఆ తెరను తీసేయడమే పని చేస్తుందని గ్రహించడానికి అంతకాలం పట్టింది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. కార్యవర్గానికి నాదొక ప్రతిపాదన. ఈ సంవత్సరం ఎవరికి వేలిముద్ర పడలేదో, యాప్ ఏ తెర దగ్గర ఆగిందో, ఏ మాట అర్థం కాలేదో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడుచోట్లా ఒక రిజిస్టరులో రాద్దాం. పేరు అక్కరలేదు. వయసు, తేదీ, తెర మీద వచ్చిన వాక్యం ఉన్నదున్నట్లు రాస్తే చాలు. దాన్ని పెన్షన్ల శాఖకు పంపుదాం. ఫైళ్లు నడపడం మనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఈలోగా మూడు సంగతులు. కాగితం మీద ఇచ్చే జీవన ప్రమాణ పత్రం రద్దు కాలేదు, బ్యాంకుకు స్వయంగా వెళ్లి ఇవ్వవచ్చు. ఇల్లు కదలలేనివారికి తపాలా శాఖ వారి పేమెంట్స్ బ్యాంకు 2020 నుంచి పోస్టుమాన్ ద్వారా ఇంటికి వచ్చి కొద్దిపాటి రుసుముతో చేసిపెడుతోంది. ఎనభై నిండిన కేంద్ర పెన్షనర్లు నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు.

భోజనాలయ్యాక పక్క గదిలో మన పిల్లలు ఇద్దరు కూర్చుంటారు. ముఖం పద్ధతి చూడాలనుకునేవారు ఆధార్ కార్డు, పీపీఓ నంబరు, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్‌తో కలిపిన ఫోను తీసుకుని రండి. ఓటీపీ మీరే చదివి మీరే కొట్టండి, ఫోను వారి చేతికి ఇవ్వవద్దు. కిటికీకి ఎదురుగా కుర్చీ వేయించాం, వెలుతురు ముఖం మీద పడాలి. కళ్లజోడు తీయమంటే తీయండి. రేపల్లె వారికి బండి టైము ఉంది గనుక వారిని ముందు పంపుదాం.