ఎవరి ఉరికంబానికి మన కన్నీరు?

(లింబాయత్ బుద్ధ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేడు కరుణను గురించి మాట్లాడవలసిందిగా నన్ను ఆదేశించారు. కరుణను పొగడుట సులభం. అది మనలో ఎక్కడ ఆగిపోవుచున్నదో చూచుకొనుట కష్టం. ఆ కష్టమైన పనికి ఇంతకంటె తగిన చోటు లేదు. ఎందుకనగా, 2018 అక్టోబరులో ఈ లింబాయత్‌లోనే మూడేళ్ళ పసిబిడ్డ అత్యాచారానికి, హత్యకు గురైంది. నిందితుడు అదే భవనంలో నివసించినవాడు. ఆ దినాలలో “వానిని ఉరి తీయాలి” అన్నవారిలో నేనూ ఉన్నాను. ఆ తల్లి దుఃఖం ఎదుట మరొక మాట నా నోట రాలేదు.

2019 జులైలో సూరత్ ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించింది. డిసెంబరులో గుజరాత్ హైకోర్టు దానిని ధ్రువపరిచింది. సుప్రీంకోర్టులో అప్పీలు చేసుకొనుటకు ఇంకా గడువు ఉండగానే, 2020 ఫిబ్రవరి 29న ఉరి తీయవలెనని వారెంటు వెలువడింది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. ఇక్కడ అనేకులకు ఆగ్రహం కలిగింది. నాకు మాత్రం ఒక ప్రశ్న కలిగింది. అప్పీలు గడువు తీరకముందే ఇరాన్‌లోనో, సౌదీలోనో ఒక మనిషిని ఉరికంబం వద్దకు నడిపించి ఉంటే నేనేమని ఉండేవాడిని? “అనాగరికం” అని ఉండేవాడిని కాదా?

బంధువులారా, నేటి నా విషయం ఇదే. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 1,518 మందికి మరణశిక్ష అమలైంది. అందులో అత్యధికం ఇరాన్, సౌదీ అరేబియా, ఇరాక్ దేశాలవి. చైనా తన సంఖ్యను రహస్యంగా ఉంచుతుంది గనుక అది ఈ లెక్కలో లేదు. అమెరికాలో 25 మంది. అమెరికాను ద్వేషించేవాడు ఆ 25 మందిని గూర్చే మాట్లాడతాడు. ఇరాన్‌ను ద్వేషించేవాడు ఇరాన్‌ను గూర్చే మాట్లాడతాడు. చైనాతో పని ఉన్నవాడు మౌనం వహిస్తాడు. ప్రతివాడూ ఎదుటివాని ఉరికంబాన్నే లెక్కిస్తాడు. అది కరుణ కాదు, పగకు తొడిగిన కరుణ వేషం.

బౌద్ధులమైన మనమూ ఇందుకు మినహాయింపు కాము. భూటాన్, కంబోడియా, మంగోలియా ఉరిశిక్షను రద్దు చేశాయని గర్వంగా చెప్పుకొంటాం. శ్రీలంకలో 1976 తరువాత ఉరి అమలు కాలేదని చెప్పుకొంటాం. మరి 2018లో థాయిలాండ్ ఒకరికి మరణశిక్షను అమలు చేసినప్పుడు, అదే సంవత్సరం జపాన్ 15 మందిని ఉరి తీసినప్పుడు, 2022లో మయన్మార్ సైనిక ప్రభుత్వం నలుగురు ప్రజాస్వామ్యవాదులను చంపినప్పుడు మన విహారాలలో ఎన్ని తీర్మానాలు జరిగాయి? అన్యమతస్థుల దేశమైతే మన గొంతు ఇంత మెత్తగా ఉండేదా?

ఇక మన తెలుగునేలకు వస్తాను. 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి కాలంలో, ఆదిలాబాదు రైతుకూలీ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాదు జైలులో ఉరి తీశారు. వారి కొరకు ఎందరో గొంతెత్తారు. వారి మార్గం నచ్చనివారు మాత్రం మౌనంగా ఉండిపోయారు. 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది సజీవంగా కాలిపోయారు. దోపిడీకి వచ్చి పెట్రోలు చల్లిన ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు ఆ శిక్షకు ఎదురు నిలిచారు. తుదకు 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవంగా మార్చారు. కాలిపోయిన 23 మందీ మనవారే. వారి కుటుంబాల శోకాన్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. అయితే 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికి చంపిన కేసులో, 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉరితాడు ఎవరి మెడకు సులభంగా అందుతుందో తెలుస్తుంది.

2019 నవంబరు చివరివారంలో తెలంగాణలో రెండు ఘోరాలు జరిగాయి. హైదరాబాదు శివారులో ఒక పశువైద్యురాలు, ఆసిఫాబాదు అడవి దారిలో ఊరూరా తిరిగి వస్తువులు అమ్ముకునే ఒక దళిత స్త్రీ బలి అయ్యారు. మొదటి దానికి దేశమంతా కదిలింది. విచారణే లేకుండా నలుగురు నిందితులను పోలీసులు కాల్చివేస్తే జనం పూలు చల్లారు. ఆ కాల్పులు ప్రాణం తీయుటకే జరిగాయని 2022లో విచారణ కమిషన్ తేల్చినప్పుడు ఆ పూలు చల్లిన చేతులు ఎక్కడా కనబడలేదు. రెండవ స్త్రీ కొరకు అంత జనం ఏనాడూ రాలేదు. ఆగ్రహానికి కూడా కులం ఉందని, పట్నం పల్లె భేదం ఉందని అప్పుడు తెలిసింది.

మనవాడే నిందితుడైనప్పుడు మనమేం చేస్తాం? మనలో అనేకుల ఊళ్ళు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలవి. సిరిసిల్ల కార్మికులు కొందరు, నేపాలీ కావలివాని మరణం కేసులో దుబాయి చెరలో సుమారు 18 ఏళ్ళు గడిపి 2024లో ఇల్లు చేరారు. అది ఉరి కేసు కాదు, నిజమే. కాని వారి కొరకు మనవారు నేపాలు వెళ్ళి, హతుని కుటుంబానికి పరిహారమిచ్చి క్షమను అర్థించారు. మనం అడిగితే క్షమ ధర్మమైంది. ఇతరులు అడిగితే బలహీనత అవుతుందా?

మన పెద్దలు ఏమి చెప్పారు? అశోకుడు తన నాలుగవ స్తంభ శాసనంలో మరణదండన పొందినవారికి మూడు దినాల గడువు ఇచ్చాడు. దండనను రద్దు చేయలేదు, ఆ లోటును మనం దాచరాదు. మన కృష్ణాతీరపు స్మృతిలో నిలిచిన ఆచార్య నాగార్జునుడు ‘రత్నావళి’లో రాజుకు ఇంకా ముందుకు వెళ్ళి బోధించాడు. ఘోరపాపం చేసినవారి పట్లనే విశేషంగా కరుణ చూపవలెనని, హంతకులను సైతం చంపక, హింసింపక దేశం వెలుపలికి పంపవలెనని. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో, అహింసను నైతిక ఆదేశంగా నమ్మే ఈ దేశానికి మరణశిక్షను పూర్తిగా రద్దు చేయుటయే తగినదని అభిప్రాయపడ్డారు. వీరిద్దరూ ఏ దేశపు ఉరికంబమని అడుగలేదు.

అంగుళిమాలుని కథ మీకు తెలుసు. భగవానుడు అతనిని సంఘంలో చేర్చుకొన్నాడు. కాని భిక్షాటనకు వెళ్ళిన అతనిపై రాళ్ళు పడ్డాయి, తల పగిలింది. ఆ నెత్తురు తన కర్మఫలమేనని, దానిని ఓర్చుకొనవలెనని బుద్ధుడు చెప్పాడు. కరుణ అంటే నేరాన్ని మరచుట కాదు. ఈ లింబాయత్ బిడ్డను చంపినవాడు నేరం చేయలేదని నేను అనను. వాడు చెరలో ఉండవలసినవాడే. కాని వానిని చంపితే మన వీధిలోని మరొక బిడ్డకు రక్ష కలుగునని నేను ఇక నమ్మలేను. తల్లిదండ్రులు ఇద్దరూ పనికి వెళ్ళే ఈ ఇరుకు గదులలో, పగటిపూట పిల్లలను ఎవరు చూచుకొంటున్నారన్న ప్రశ్నకు ఉరితాడు జవాబు చెప్పదు.

కావున నా విన్నపం రెండు మాటలు. ఇకపై ఏ దేశపు మరణదండనను ఖండించే తీర్మానం చేసినా, అందులో మన దేశపు పేరు, బౌద్ధ దేశాల పేర్లు కూడా చేర్చుదాం. రెండవది, పనికి వెళ్ళే తల్లుల పిల్లల కొరకు మన విహారపు గదిని పగలంతా తెరిచి ఉంచుదాం. వంతులవారీగా ఇద్దరేసి ఉపాసికలు, ఉపాసకులు అక్కడ ఉందాం. ఆ పట్టికలో మొదటి పేరు నాదే వ్రాయండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.