నడివయస్సు స్త్రీలు – శరీరపు బరువు

“నా వయస్సు నలభైయేడు, ఎత్తు ఐదడుగులు. నేనెంత బరువు ఉండవలెను?” – స్త్రీల కార్యక్రమానికి వచ్చే ఉత్తరాలలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తరచుగా కనిపిస్తూ ఉంటుంది. వ్రాసేవారు వయస్సు చెబుతారు, ఎత్తు చెబుతారు, బరువు చెబుతారు. కొందరు పెండ్లినాటి బరువును కూడా జ్ఞాపకం పెట్టుకొని జతచేస్తారు. నడుము చుట్టుకొలత వ్రాసినవారు మాత్రం నాకింతవరకు తారసపడలేదు. నేను వైద్యురాలిని కాను. వైద్యులు, పోషకాహార శాస్త్రజ్ఞులు నిర్ణయించిన విషయాలను చదివి, అడిగి తెలుసుకొని, ఇంటిలో మాట్లాడుకొనే రీతిగా చెప్పడం నా వృత్తి. ఆ మేరకు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా లెక్క. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో భాగించి, వచ్చినదానిని మరల అదే ఎత్తుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. వైద్యులు బాడీ మాస్ ఇండెక్స్ అనేది దీనినే. ఈ లెక్కకు మూలపురుషుడు పందొమ్మిదవ శతాబ్దపు బెల్జియం పండితుడు క్వెట్లే. ఆయన వెదకినది సగటు మనిషి కొలతలను. ఆరోగ్యపు కొలతను కాదు. దానికి ఇప్పటి పేరు పెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, 1972లో. ఆ అంకె 18.5 మొదలు 25 లోపల ఉంటే బరువు సరిగా ఉన్నట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయితే 2004లో ప్రకటితమైన ఆ సంస్థ నిపుణుల నివేదిక, ఆసియా ప్రజలు 23 దగ్గరనే మేలుకొనడం మంచిదని సూచించింది.

ఎందువలన? అదే సంవత్సరం లాన్సెట్ అనే వైద్యపత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకొన్న ఛాయాచిత్రం అచ్చయింది. ఇద్దరి సూచికా ఒక్కటే – 22.3. కాని శరీరంలోని కొవ్వును కొలిచి చూస్తే యుడ్కిన్‌కు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2 వంతులు ఉన్నది. చూపులకు సన్నగా ఉండి, లోపల కొవ్వు దాచుకొన్న దేహం మనది అన్నమాట. కాబట్టి మన లెక్కను 23 దగ్గర ఆపుదాము. ఐదడుగుల స్త్రీకి సుమారు 43 కిలోల నుండి 53 కిలోల వరకు, ఐదడుగుల రెండంగుళాల స్త్రీకి 46 నుండి 57 వరకు వస్తుంది. ఉత్తరానికి జవాబు ఇంతే అయితే ఈ ప్రసంగం ఇక్కడనే ముగియవలెను.

కాని నడివయస్సులో త్రాసు అన్ని సంగతులు చెప్పదు. మన దేశపు స్త్రీలకు సగటున నలభైయారు, నలభైయేడేళ్ళ ప్రాంతంలో ముట్లు ఉడుగుతాయి. పాశ్చాత్య దేశాలలో ఇది యాభై దాటిన తరువాతి మాట. ఈస్ట్రోజెన్ అనే స్రావం తగ్గుతున్నకొద్దీ, అంతకు పూర్వం తొడలలో, తుంటిలో నిలువచేరుతూ వచ్చిన కొవ్వు పొట్టలోనికి, పేగుల చుట్టూ ఉన్న చోటికి దారి మార్చుకొంటుంది. మధుమేహానికీ, గుండె జబ్బుకూ దగ్గర చుట్టం ఈ పొట్టలోని కొవ్వే. అమెరికాలో కొన్ని జాతుల స్త్రీలను ఏండ్ల తరబడి గమనించి 2019లో ప్రకటించిన ఫలితాలు చాలా ఆలోచింపజేస్తున్నవి. ముట్లు ఉడిగే దశ ప్రారంభం కాగానే వారిలో కొవ్వు చేరే వేగం రెట్టింపయింది. అదే సమయంలో కండ తరగడం మొదలైంది. శరీరపు బరువు మాత్రం మునుపటి వేగంతోనే, ఏ తొందరా లేకుండా పెరిగింది. ఇంట్లో ఇంత మార్పు జరుగుతూ ఉంటే వాకిట కావలి ఉన్నవాడికి ఏమీ తెలియనట్లు, లోపల కండ పోయి కొవ్వు వచ్చి కూర్చుంటే త్రాసు దానిని పసిగట్టలేదు.

త్రాసు చెప్పనిది టేపు చెబుతుంది. భారతీయ స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అనగా ముప్పైఒకటిన్నర అంగుళాలు, దాటకుండా ఉండవలెనని వైద్యులు హద్దు పెట్టినారు. ఇక్కడ మన కట్టు మనకు కొంత అన్యాయం చేస్తున్నది. చీర వంటి దయగల వస్త్రం వేరొకటి లేదు. దేహం ఎంత పెరిగినా కుచ్చెళ్ళు ఒకటి తగ్గించుకొని సర్దుకొంటుంది. లంగా బొందు ముడి ఎంత జరిగిందో ఎవరు కొలుస్తారు? జాకెట్టు చేతులు బిగిసినప్పుడు మాత్రమే కుట్టుపనివాని మీద కోపం వస్తుంది. కొలిచే పద్ధతి తేలిక. బొందు కట్టుకొనే చోట కాదు, కడపటి ప్రక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, టేపును బిగించకుండా చుట్టి, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత చూసుకొనవలెను. పొట్ట లోపలికి లాగిపెట్టి కొలిస్తే సంతోషం కలుగుతుంది గాని ప్రయోజనం లేదు. మూడు నెలలకొకసారి ఆ అంకెను పంచాంగం అట్ట వెనుక వ్రాసుకొంటే చాలును.

“అయితే తిండి తగ్గిస్తాము” అని వెంటనే అనేవారున్నారు. ఇక్కడ కొంచెం నిదానించవలెను. 2019–21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేను నుండి నలభైతొమ్మిదేళ్ళ స్త్రీలలో 25 సూచికను అందుకొన్నవారు, దాటినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది తేలినారు. అదే సర్వేలో రెండు రాష్ట్రాలలోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు కూడా తేలింది. బరువు ఎక్కువైన స్త్రీకి రక్తం తక్కువగా ఉండడంలో వింత లేదన్నమాట. అటువంటి ఆమె పూటపూటకూ భోజనం మానివేస్తే పోయేది కొవ్వు ఒక్కటే కాదు. ఉన్న కండ కూడా దానితోనే పోతుంది. ఇక ఉపవాసం పేరిట అన్నం మాని, సాయంత్రం నేతి ఉప్మా, అరటిపండ్లు, రెండు లోటాల కాఫీ పుచ్చుకొనే పద్ధతి గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. భక్తికి నేను అడ్డురాను. బరువుకు దానితో సంబంధం లేదని మాత్రం మనవి.

మార్చవలసినది తిండి మొత్తాన్ని కాదు, కంచంలోని పొత్తును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, రెండువేల కేలరీల దినభోజనానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు అని లెక్క వేసినారు. ఇంటి పని తప్ప వేరే శ్రమ లేని స్త్రీకి ఇంతకంటె కొంత తక్కువే సరిపోతుంది. మన కంచాన్ని దీనితో పోల్చి చూడండి. అన్నం గుట్ట, పప్పు ఒక గరిటె, కూర నంజుడు పాటి. పప్పు పెరిగి అన్నం తగ్గితే కడుపూ నిండుతుంది, కండకూ ఆధారం దొరుకుతుంది. నూనె విషయంలో గరిటెలు లెక్కపెట్టడం జరిగే పని కాదు. నెలసరుకుల చీటీ చూడడం సులభం. 27 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు మూడుంబావు కిలోల నూనె చాలును. ఆవకాయలో పోసినదీ, పండుగ పిండివంటలకు వాడినదీ అందులోనిదే. ఐదు కిలోల డబ్బా నెల తిరగకముందే అయిపోతూ ఉంటే సంగతి తెలిసిపోయినట్లే.

ఇంకొక అలవాటు ఉన్నది. పిల్లలు వదలిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన పెరుగు పారవేయడానికి చేతులు రాక తామే తినివేసే గృహిణులు మన దేశంలో కోకొల్లలు. అన్నం పారవేయరాదన్న సంస్కారం గొప్పదే. అందుకు తల్లి కడుపును గంగాళం చేయడం ఎందుకు? మరునాటి నుండి ఒక పిడికెడు బియ్యం తగ్గించి వండవచ్చును గదా!

ఇక శ్రమ. మన అమ్మమ్మలు రుబ్బురోలు త్రిప్పినారు, రోకలిపోట్లు వేసినారు, నూతి చేద తోడినారు. ఆ కష్టం మరల రావాలని నేను కోరను. మిక్సీ వచ్చినందుకు సంతోషించేవారిలో నేనొకతెను. కాని చేతులకూ నడుముకూ అందిన ఆ వ్యాయామానికి బదులు ఏమీ రాలేదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం, దానికి తోడు రెండు రోజులైనా కండలకు బలమిచ్చే పని చేయడం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మొదటిది అందరూ వింటారు, రెండవదానిని వదలివేస్తారు. కుర్చీలో నుండి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. నీళ్ళు నింపిన లీటరు సీసాలను రెండు చేతులతో భుజాల పైకి ఎత్తి దించండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను.

నెల రోజులు నడిచినా త్రాసు ముల్లు కదలలేదని మానివేసేవారికి చెన్నైలో జరిగిన ఒక పరిశోధనను గురించి చెప్పవలెను. డాక్టరు రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించినది ఇది. మధుమేహపు గడప దగ్గర ఉన్న 531 మందిని ఎంచుకొన్నారు. వారిలో పురుషులే ఎక్కువ. ఏ మార్పూ సూచించని వారిలో సుమారు రెండున్నరేళ్ళకు నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకొన్నవారిలో 39 మందికే వచ్చింది. విశేషమేమంటే, ఈ రెండవవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. ముల్లు కదలకపోయినా లోపల మేలు జరిగింది.

కడపట, ఇంట్లో చెప్పుకొనడానికి బిడియపడే రెండు మాటలు. ముట్లు ఉడిగి ఏడాది గడచిన తరువాత తిరిగి ఏ కొంచెం రక్తం కనిపించినా, సన్ననివారైనా లావైనవారైనా ఆలస్యం చేయక స్త్రీల వైద్యురాలికి చూపించుకొనవలెను. ఆ వయస్సులో కొవ్వు కూడా కొంత ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. గర్భాశయపు క్యాన్సరు లావైన స్త్రీలలో ఎక్కువ కావడానికి ముఖ్యమైన కారణాలలో అదొకటి. రెండవది, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దిగిపోతూ ఉంటే ఇరుగుపొరుగు “చక్కగా తగ్గినారే!” అని మెచ్చుకొంటారు. ఆ మెప్పుకు పొంగిపోకుండా మధుమేహానికి, థైరాయిడ్‌కు, క్షయకు పరీక్షలు చేయించుకొనడం అవసరం. వైద్యుని దగ్గరకు పోయేటప్పుడు పంచాంగం అట్ట వెనుక వ్రాసుకొన్న అంకెలను కూడా ఒక కాగితం మీదకు ఎత్తి తీసుకొనిపొండి.